ఆ గడి ఎక్కడికి పోయింది?

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఎడమవైపు కూర్చున్నవాళ్లు పన్నుల సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లట, కుడివైపు ఉన్నది దాన్ని వాడి రిటర్నులు వేసేవాళ్లట. ఇలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు, మీ అంతట మీరే సర్దుకున్నారు. అంటే ఈ గదికి కూడా ఒక లేఅవుట్, ఏది ఎక్కడ ఉండాలనే అమరిక, ఉందన్నమాట. (నవ్వులు) నేను కుడివైపు మనిషిని. ఇరవై ఏళ్లకు పైగా ఇతరుల రిటర్నులు తయారుచేసే పనిలోనే ఉన్నాను. కాబట్టి ఇవాళ నా మాటలు ఎక్కువగా ఎడమవైపు వాళ్లకే. కుడివైపు వాళ్లను కూడా చివర్లో కొంచెం తిడతాను, తొందరపడి చప్పట్లు కొట్టకండి.

అప్‌డేట్ వచ్చి సాఫ్ట్‌వేర్ స్క్రీన్ మారిన రోజు మా ఆఫీసుల్లో ఏమంటారో అందరికీ తెలిసిందే. "పాతదే బాగుంది." "ఇది ఎవరడిగారు?" "ఒక్కరోజు వచ్చి మా పక్కన కూర్చోమనండి, తెలుస్తుంది." మధ్యాహ్నానికి ఫిర్యాదులు కాస్త వివరంగా వస్తాయి. అక్షరాలు లేత బూడిద రంగులో ఉన్నాయి, కనబడటం లేదు. గడికీ గడికీ మధ్య ఒక ఊరంత ఖాళీ. ఇంతకుముందు ఒకే చూపులో కనబడేది ఇప్పుడు మూడుసార్లు స్క్రోల్ చేస్తేగానీ కనబడదు. సాయంత్రానికి "డిజైనర్లకి పనిలేదా" దగ్గరికి వస్తుంది వ్యవహారం.

ఎడమవైపు ఉన్న మీరు ఇవన్నీ చదివి ఒక ముక్క రాసుకుంటారు, నాకు తెలుసు: "మార్పంటే ఎవరికైనా భయమే. రెండు వారాల్లో అలవాటైపోతుంది." చాలావరకు అది నిజం కూడా. రెండు వారాల్లో నిజంగానే అలవాటు పడతాం. ఆ రెండు వారాల్లో ఏం జరుగుతుందో చెప్పడానికే నేను వచ్చాను.

ముందు మా పని ఎలా నడుస్తుందో చూడండి. కాగితం ఎడమచేతి కింద ఉంటుంది. చూపుడువేలు ఒక వరుస మీద ఆని ఉంటుంది. కుడిచెయ్యి నంబర్ ప్యాడ్ మీద, కళ్లు కాగితం మీద. తెరవైపు ఎవరూ చూడటం లేదు. మీరు అంత కష్టపడి రంగులు వేసిన తెర అది, పాపం. (నవ్వులు) ఒక అంకె కొట్టి ఎంటర్, ఇంకో అంకె కొట్టి ఎంటర్, వదిలేయాల్సిన చోట ఊరికే రెండు ఎంటర్లు, మళ్లీ అంకె. ఆ రెండు ఎంటర్లు ఎక్కడ కొట్టాలో అడిగితే నాకు నోటితో చెప్పడం రాదు. కొత్తగా చేరిన అమ్మాయి అడిగితే గాల్లో వేళ్లు ఆడించి చూసుకుని చెప్పాను.

మీవాళ్లు పాఠాల్లో చదువుకునే సూత్రం ఒకటుంది. పాల్ ఫిట్స్ అనే సైకాలజిస్టు 1954లో చెప్పింది. లక్ష్యం ఎంత పెద్దగా, ఎంత దగ్గరగా ఉంటే చెయ్యి అంత త్వరగా దాన్ని చేరుతుందని దాని సారాంశం. ఆ సూత్రం ప్రకారమే బటన్లు పెద్దవి చేశామంటారు. మంచిదే. అయితే ఆ సూత్రం గురి చూసే చేతి గురించి చెప్పింది. డేటా ఎంట్రీలో మా చెయ్యి గురి చూడదు, లెక్కపెట్టుకుంటూ పోతుంది. దానికి బటన్ ఎంత పెద్దదైనా ఒకటే. వరుస మారిందా లేదా, అదొక్కటే దానికి ముఖ్యం.

ఇది ఎంట్రీ సంగతి. అసలు విషయం రివ్యూలో ఉంది. తయారైన రిటర్నును సంతకానికి ముందు చూస్తాం కదా, అప్పుడు నేను అంకెల్ని చదవను. వాటి ఆకారం చూస్తాను. ఐదంకెలు ఉండాల్సిన చోట ఆరు ఉంటే అది బయటికి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. ఏటా నిండుగా ఉండే మూల ఈసారి ఖాళీగా ఉంటే ఏదో వెలితిగా అనిపిస్తుంది, ఏమిటో ఆ తర్వాత తెలుస్తుంది. మన ఇంట్లో ఎవరైనా కుర్చీ జరిపితే లైటు వేయకముందే కాలికి తెలుస్తుంది చూడండి, అలాంటిదే ఇది. అదే ఇల్లంతా ఒక్కసారిగా సర్దేశారనుకోండి. ఆ రోజు ఒక వస్తువు పోయినా ఎవరికీ తెలియదు.

లేఅవుట్ మారినప్పుడు మాకు పోయేది టైమ్ అని మీరు అనుకుంటారు. మేము కూడా అలాగే మొరపెట్టుకుంటాం, "అరగంట పని గంటన్నర పట్టింది" అని. టైమ్ పోతే పోయింది, రాత్రి కూర్చుని చేస్తాం. పోకూడనిది తప్పును పట్టే కన్ను. అది పోయిన సంగతి మాకే తెలియదు, అందుకే దాని గురించి ఫిర్యాదు కూడా రాదు.

నాకు జరిగింది చెప్తాను. ఏ సాఫ్ట్‌వేరో చెప్పను, తప్పులో సగం నాది. ఆస్తులు అమ్మినప్పుడు వచ్చే లాభాలకు రెండు గడులు ఉంటాయి. స్వల్పకాలిక లాభం ఒకటి, దీర్ఘకాలిక లాభం ఒకటి. రెండింటికీ పన్ను లెక్క వేరు. ఏళ్ల తరబడి ఒకే క్రమంలో ఉన్న ఆ గడులు ఒక అప్‌డేట్ తర్వాత తారుమారయ్యాయి. పక్కన పేర్లు సరిగ్గానే రాసి ఉన్నాయి, చదివితే కనబడేవే. నేను చదవలేదు. నా చెయ్యి పాత వరుసలోనే కొట్టుకుంటూ పోయింది. రెండూ కలిపితే వచ్చే మొత్తం సరిపోయింది కాబట్టి సాఫ్ట్‌వేర్‌కి ఏ అనుమానమూ రాలేదు, హెచ్చరికా రాలేదు. రివ్యూలో నేనూ చూశాను. ఒక పెద్ద సంఖ్య, ఒక చిన్న సంఖ్య, ఎప్పుడూ ఉండే ఆకారంలోనే ఉన్నాయి. ఉండవా మరి, నేనే కదా అలా కొట్టింది! పట్టుకున్నది క్లయింటు. "ఈసారి పన్ను ఇంత వచ్చిందేమిటండీ" అని మెల్లగా అడిగాడు. ఆయన అడగకపోతే ఆ రిటర్ను అలాగే వెళ్లిపోయేది.

గడుల క్రమం ఎందుకు మార్చారని తర్వాత కనుక్కున్నాను. వేరే స్క్రీన్‌తో పొంతన కుదరడం కోసమట. పొంతన కుదిరింది. (నవ్వులు)

"అంటే ఏదీ ఎప్పటికీ మార్చకూడదా?" అని అడుగుతారు. ఒక చిన్న పిట్టకథ. కాలిక్యులేటర్ మీద పై వరుసలో 7, 8, 9 ఉంటాయి. ఫోన్ మీద పై వరుసలో 1, 2, 3 ఉంటాయి. బటన్ల ఫోన్ 1963లో వచ్చింది, అప్పటికే అంకెల యంత్రాలు తలకిందుల వరుసలో నడుస్తున్నాయి. అప్పటినుంచీ ఈ రెండూ మన బల్లల మీద పక్కపక్కనే ఉన్నాయి. మనం రోజూ రెండూ వాడుతున్నాం. ఎవరైనా గొడవ చేశారా? లేదు. చేతికి వస్తువు మారిందని తెలిస్తే చాలు, వరుస మార్చుకుంటుంది. చిక్కంతా వస్తువు అదే, పేరు అదే, ఐకాన్ అదే ఉండి వరుస మాత్రం మారినప్పుడు. కాబట్టి పూర్తిగా కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారినప్పటికంటే పాతదాన్ని "కొంచెం మెరుగుపరిచినప్పుడు" మా ఆఫీసుల్లో తప్పులు ఎక్కువ జరుగుతాయని నా అనుభవం. కొత్తదైతే జాగ్రత్తగా చదువుతాం. మెరుగుపరిచినదైతే తెలిసినదే కదా అనుకుంటాం.

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. ఒకసారి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ 1983 జనవరిలో వచ్చింది. లెక్కల ప్రపంచమంతా దాని చుట్టూ తిరిగిన రోజులవి. అందులో 469 కమాండ్లు, యాభైకి పైగా మెనూల్లో సర్ది ఉండేవి. స్లాష్ కీ నొక్కితే మెనూ తెరుచుకుంటుంది, తర్వాత ఒక్కో అక్షరం. వాడేవాళ్ల వేళ్లకు ఆ దారులన్నీ కంఠస్థం. బోర్లాండ్ అనే కంపెనీ క్వాట్రో ప్రో అని పోటీ స్ప్రెడ్‌షీట్ తెచ్చింది. అందులో కావాలంటే లోటస్ మెనూ వరుసనే వాడుకునే వీలు కూడా పెట్టింది. కోడ్ కాపీ కొట్టలేదు, కమాండ్ల పేర్లు, అమరిక మాత్రం తీసుకుంది. ఎందుకంటే ఆ అమరిక లేకపోతే జనం రారు, వాళ్లు రాసుకున్న మ్యాక్రోలు, అంటే వరసగా కొట్టే కీలను దాచిపెట్టుకుని ఒక్కసారిగా నడిపించేవి, నడవవు. లోటస్ 1990లో కేసు వేసింది.

1995లో అప్పీలు కోర్టు బోర్లాండ్ పక్షాన తీర్పిచ్చింది. మెనూ అమరిక అనేది యంత్రాన్ని నడిపే పద్ధతి, వీసీఆర్, అంటే పాతకాలపు వీడియో క్యాసెట్ యంత్రం, మీద ఉండే బటన్ల లాంటిది, దాని మీద కాపీరైటు ఉండదు అంది. 1996 జనవరిలో సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు నలుగురు ఇటు, నలుగురు అటు చీలిపోయారు. దాంతో కింది తీర్పే నిలిచింది. నాకు మాత్రం నచ్చింది అప్పీలు కోర్టులో ఒక న్యాయమూర్తి విడిగా రాసిన అభిప్రాయం. ఆ మెనూ నేర్చుకోవడానికీ, దాని ఆధారంగా మ్యాక్రోలు కట్టుకోవడానికీ పెట్టుబడి పెట్టింది వాడేవాళ్లని ఆయన గుర్తుచేశాడు. మెనూ మీది కావచ్చు, అది నేర్చుకున్న శ్రమ మాది. ఒక జడ్జిగారికి తట్టిన ఈ మాట అప్‌డేట్ నోట్సు రాసేవాళ్లకు ఎందుకు తట్టదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అందరికీ తట్టలేదని కూడా కాదు. ఇప్పటి ఎక్సెల్ తెరిచి స్లాష్ కీ నొక్కి చూడండి. రిబ్బన్ మీద, అంటే పైన బటన్లుండే పట్టీ మీద, అక్షరాలు వెలుగుతాయి. లోటస్ నుంచి వచ్చిన చేతుల కోసం పెట్టిన తలుపు అది, ఇప్పటికీ తెరిచే ఉంది. అంతకంటే విడ్డూరం ఇంకోటుంది. 1900 లీపు సంవత్సరం కాదు. కానీ ఎక్సెల్‌లో 1900 ఫిబ్రవరి 29 అనే తేదీ ఉంటుంది. లోటస్‌లో ఉన్న పొరపాటును, ఆ పాత షీట్ల తేదీలు ఒకరోజు జరిగిపోకుండా ఉండేందుకు, తెలిసి తెలిసి అలాగే మోసుకొచ్చారు. తప్పును కూడా కదపలేదు! నేను అంత దూరం వెళ్లమనడం లేదు.

అదే ఎక్సెల్‌ని 2007 జనవరిలో తలకిందులు చేశారు, గుర్తుందా? మెనూలు తీసేసి రిబ్బన్ పెట్టారు. ఆ రోజుల్లో నేను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పేవి కావు. కానీ ఒకటి మెచ్చుకోవాలి. మెనూలు కంటికి మాయమైనా పాత కీబోర్డు దారుల్ని చంపలేదు. ఫార్ములా వదిలేసి విలువలు మాత్రమే అతికించడానికి ఆల్ట్, ఈ, ఎస్, వీ అని కొట్టేవాళ్లం. ఎడిట్ మెనూ అనేదే లేకుండా పోయినా ఆ నాలుగు కీలు అలాగే పనిచేశాయి, ఇప్పటికీ పనిచేస్తున్నాయి. ఆ మెనూని ఒక్కసారి కూడా చూడని పిల్లలు కూడా ఆ కీలు నేర్చుకుని వాడుతున్నారు. కంటికి కొత్తిల్లు చూపించి చేతికి పాత గుమ్మం ఉంచారు. అది తెలివైన పని.

కొన్నిసార్లు తప్పు సాఫ్ట్‌వేర్‌ది కూడా కాదు. ఫారమే మారుతుంది. అమెరికాలో వ్యక్తులు ఆదాయపు పన్నుకు వేసే 1040 అనే ఫారం ఉంది కదా, 2018 సంవత్సరానికి దాన్ని రెండు అర పేజీలకు కుదించారు. తీసేసిన వరుసలన్నీ ఆరు కొత్త షెడ్యూళ్లలోకి, అంటే ఫారానికి జతచేసే విడి కాగితాల్లోకి, వెళ్లాయి. మరుసటి ఏడాదికి ఆ ఆరు మూడయ్యాయి. అడ్జస్టెడ్ గ్రాస్ ఇన్‌కమ్ అని, మొత్తం ఆదాయంలోంచి కొన్ని మినహాయింపులు తీసేశాక మిగిలే ఒక ముఖ్యమైన సంఖ్య ఉంటుంది అందులో. 2017లో అది 37వ వరుస. 2018లో 7. 2019లో 8బీ. 2020లో 11. అక్కడ పనిచేసేవాళ్లకు "37" అనేది వరుస నంబరు కాదు, ఒక మాట. "నీ 37 ఎంత?" అని ఒకరినొకరు అడిగేవాళ్లు. నాలుగేళ్లలో నాలుగు చోట్లు మారితే ఏ మాటా నిలవదు. లోపల ఉన్న లెక్క అదే, దాన్ని పిలిచే పేరు మాత్రం పోయింది. ఇలాంటి ఏడాదిలోనే సాఫ్ట్‌వేర్ వాళ్లకు తమ సొంత లేఅవుట్ కూడా మార్చాలనిపిస్తే వినడానికి మాకు ఓపిక ఉంటుందా, మీరే చెప్పండి.

ఇప్పుడు కుడివైపు వాళ్ల వంతు. (నవ్వులు) మనం ఫిర్యాదు చేసే తీరు ఘోరంగా ఉంటుంది. "పాతదే బాగుంది" అంటే ఎదుటివాడు ఏం చేసుకోవాలి? ఏ పని చేస్తుంటే, ఏ గడి దగ్గర, చెయ్యి ఆగిందా కన్ను తప్పిందా, అది చెప్పాలి. మనం చెప్పం. ఎందుకంటే మనకే తెలియదు, చేతికి తెలిసింది నోటికి తెలియదు కాబట్టి. దానికి బదులు రంగు బాలేదంటాం. వాళ్లు రంగు మార్చి పంపిస్తారు. మనం మళ్లీ తిడతాం.

ఒక మార్పును నేను ఏడాదంతా తిట్టాను. సాఫ్ట్‌వేర్ లెక్కగట్టిన సంఖ్యను కాదని మనం చేత్తో వేరే సంఖ్య వేస్తే, పాతదాంట్లో ఆ గడి ఎర్రగా అయ్యేది. కొత్తదాంట్లో ఎరుపు తీసేసి పక్కన చిన్న పెన్సిల్ బొమ్మ పెట్టారు. కళ్లు చికిలించి చూడాలి. ఇదేం పని అని అరిచాను. ఆఫీసులో పదేళ్లుగా నా పక్క సీట్లో ఉన్నతను ఒకరోజు అన్నాడు, "సార్, నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకలాగే కనిపిస్తాయి. ఇప్పుడే మొదటిసారి ఏ గడి మార్చామో చూడగలుగుతున్నాను." పదేళ్లు అతను ఎలా రివ్యూ చేశాడో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ తర్వాత ఆ పెన్సిల్ మీద క్లిక్ చేస్తే ఎవరు, ఎందుకు మార్చారో రాసుకునే చోటు కూడా ఉందని తెలిసింది. అంతకాలం నేను దాన్ని తెరిచి కూడా చూడలేదు, కోపంలో.

అందుకని మార్చవద్దని నేను అనను. ఎప్పుడు మారుస్తారన్నది మాత్రం తేల్చుకోవాలి. ఒకప్పుడు ఏడాదికో వెర్షన్, డిస్కులో వచ్చేది. పాతది పాతదిగానే కంప్యూటర్లో ఉండేది, పాత ఏడాది రిటర్ను తెరిస్తే పాత తెరే కనబడేది. ఇప్పుడు అంతా బ్రౌజర్లో. రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి మెనూ ఎడమ నుంచి పైకి ఎక్కి ఉంటుంది. గడువుకు పదిరోజులుండగా ఇలా చేస్తే, క్షమించాలి, దాన్ని మెరుగుదల అనడం నాకు చేతకాదు. సీజన్ అయ్యాక మార్చండి, ఖాళీగా ఉంటాం, తిట్టుకుంటూనే నేర్చుకుంటాం. గడుల వరుస మారిస్తే ఆ ఒక్క సంగతి అప్‌డేట్ నోట్సులో అన్నిటికంటే పైన రాయండి, "పనితీరులో మెరుగుదలలు" అనే మాట వెనక దాచకండి. మొదటి కొన్ని రోజులు జరిగిన గడి చుట్టూ ఒక గీత గీసి ఉంచినా చాలు. లాభాల గడుల చుట్టూ ఆ గీత ఉండి ఉంటే నా చెయ్యి ఆగేది. పాత వ్యూ, కొత్త వ్యూ రెండూ పెడితే గొడవ ఉండదని మీలో కొందరు అంటారు. నాకు అంత నమ్మకం లేదు. ఆఫీసులో సగంమంది ఇందులో, సగంమంది అందులో ఉంటే ఒకరి పని ఒకరు రివ్యూ చేయలేరు. ఒక సీజన్ వరకు ఫర్వాలేదు, ఆ తర్వాత తీసేయండి.

చివరగా ఒకటి చెప్పి దిగిపోతాను. ఇందాక మా వాళ్ల సణుగుడు చెప్పాను కదా, "వచ్చి మా పక్కన కూర్చోమనండి" అని. ఒకసారి నిజంగానే ఒక డిజైనరమ్మాయి వచ్చింది. రోజంతా నా వెనక కూర్చుంది. ఏమీ అడగలేదు, ఏదో రాసుకుంటూనే ఉంది. నాకు కాస్త టెన్షన్‌గానే ఉంది, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ నిలబడ్డట్టు. సాయంత్రం వెళ్లబోతూ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"సార్, ప్రతి పేజీ పూర్తయ్యాక మీరు కుడివైపు చివర ఒక క్షణం చూస్తున్నారు. అక్కడ ఏమీ లేదు కదా, ఏం చూస్తున్నారు?"

నేను అలా చూస్తున్నానని నాకే తెలియదు. ఆమె రాసుకున్నది చూపిస్తే నమ్మాల్సి వచ్చింది. కాసేపు ఆలోచిస్తే గుర్తొచ్చింది. అక్కడ పోయినేటి సంఖ్యల కాలమ్ ఉండేది. ఈ ఏడాది అంకె కొట్టగానే పక్కనే పోయినేడు ఎంతుందో కనబడేది. దాన్ని వేరే ట్యాబ్‌లోకి మార్చి అప్పటికి రెండేళ్లయింది. రెండేళ్లుగా నా కన్ను ప్రతి పేజీలో అక్కడికి వెళ్లి, ఏమీ కనబడక, అంతా సరిగ్గానే ఉందనుకుని వెనక్కి వస్తోంది.

ఇప్పుడక్కడ ఏముందంటారా? "కొత్తగా ఏం వచ్చాయో చూడండి" అని ఒక నీలం డబ్బా ఉంది. (నవ్వులు) ఉంటానండీ, ప్రశ్నలుంటే అడగండి.